ముందర కాస్త నింపమన్నానంతే

ఇదేంటి మావయ్యా? ఎవరి ఫోటో ఇది? ఆ కళ్ళజోడు పెట్టుకుని సరిగ్గా చూడు.

నేనేమడిగాను నిన్ను? "ముందర కాస్త నింపు" అన్నాను. కాస్త అంటే ఎంత? కూరలో ఉప్పంత. నువ్వేమో నా నెత్తిమీద అడవి నాటావు. నాలుగు వెంట్రుకలడిగితే నాలుగెకరాలు ఇచ్చావు. ఇంత ధర్మాత్ముడివి నువ్వెప్పటినుంచి అయ్యావు?

సరే, జుట్టంటే నేనే అడిగాను, ఒప్పుకుంటా. గడ్డం ఎందుకు తీసేశావయ్యా? మూడేళ్ళు ఒంటికి మగ హార్మోను సూదులు పొడిపించుకుంటే, ఇక్కడ నాలుగూ అక్కడ ఆరూ చొప్పున మొలిచిన గడ్డం అది. ఒక్కో వెంట్రుకకీ పేరు పెట్టుకున్నాను నేను. నువ్వు దాన్ని మచ్చలనుకుని తుడిచేశావా?

ఏంటీ, అలవాటా? మొహం మీద ఏది కనపడితే అది తుడిచెయ్యడం అలవాటా? బాగుంది. ముక్కు కూడా తుడిచేస్తే పనైపోయేది.

తల దించుకోకు. తిట్టడానికి రాలేదు. అంటే, తిట్టడానికే వచ్చాననుకో, తిట్టాక ఇంకో పని కూడా ఉంది. ఆ స్టూడియో షట్టరు సగం దించు. ఎవరైనా వస్తే కాసేపాగి రమ్మందాం.

పొద్దున్నే వెళ్ళాను గుర్తింపు కార్డుల ఆఫీసుకి. కౌంటరు తెరవకముందే లైన్లో నిలబడ్డాను. నా ఆత్రం నీకు తెలుసుగా. ఆ కార్డు చేతికొస్తేగానీ లిఫ్టుల కంపెనీ వాళ్ళు నన్ను పర్మనెంటు చెయ్యరు. అదొక్కటే కాదులే. నా కొత్త పేరూ, దాని కింద 'పురుషుడు' అన్న ముక్కా, పక్కన నా మొహమూ, మూడూ ఒకేచోట అచ్చుపడి ఉండటం నేనింతవరకూ చూడలేదు.

నా వంతొచ్చింది. కౌంటర్లో ఉన్నావిడ పేరు చూసింది, బాగానే ఉందంది. పుట్టిన తేదీ చూసింది, బాగానే ఉందంది. ఫోటో చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫోటో చూసింది. కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, ఎంతో మర్యాదగా, "బాబూ, పొరపాట్న మీ చెల్లెలి ఫోటో ఇచ్చినట్టున్నారు" అంది.

వెటకారం కాదు మావయ్యా. వెటకారమైతే అక్కడికక్కడే నాలుగు దులిపి వచ్చేవాణ్ణి. ఆవిడ నిజంగానే అంది. పైగా నా వెనకున్నాయన మెడ చాచి చూసి, పోలికలు బాగా ఉన్నాయన్నాడు. చెల్లెలికి పెళ్ళైందా అని కూడా అడిగాడు.

నిన్న సాయంత్రం, ఇదిగో, ఈ స్టూలు మీద కూర్చుని దిగిన ఫోటోకి జరిగిన మర్యాద ఇది.

ఏమన్నావ్? నా తప్పేనా? నిన్న ఈ అద్దం ముందు నిలబడి ఏడ్చింది నేనే కదా అంటావ్. అవును, ఏడ్చాను. దారం కట్టి వేలాడదీశావే ఆ దువ్వెన, అది నుదుటి దగ్గర మొదలుపెడితే నడినెత్తి దాకా దానికి పనే తగల్లేదు. ఏడవనా మరి?

నీకేం తెలుసు నా బాధ? ఆగాగు. నీకు తెలియకేం. మేనమామ దగ్గర తల్లి పుట్టింటి కబుర్లు చెప్పినట్టే ఉంది నా సంగతి. మా డాక్టరమ్మ మొదటిరోజే అడిగింది, మీ ఇంట్లో మగవాళ్ళకి బట్టతల ఉందా అని. నేను పడీపడీ నవ్వాను. తాతయ్యా, నువ్వూ, చిన్న మావయ్యా. మీ ముగ్గుర్నీ వరసగా నిలబెడితే వీధికి దీపాలక్కర్లేదు.

అయితే నీకూ రావచ్చు, ఈ సూది మొదలుపెడితే ఆ వంశం సంగతి నీ తల మీద కూడా బయటపడొచ్చు అందావిడ. రానివ్వండి అన్నాను. అప్పుడు నాకు జుట్టంటే లెక్కేముంది? జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. నడుం దాటిన జడని అమ్మ వంటింట్లో ఉండగా కత్తిరించి, పాత పేపర్లో చుట్టి పారేసినవాణ్ణి. గొంతు మారుతుందంటే చాలు, మీసం మొలుస్తుందంటే చాలు, తలకాయ ఊడి కిందపడినా సరే అన్నట్టుండేవాణ్ణి.

అన్నీ వచ్చాయి. గొంతొచ్చింది. మొదట్లో పగిలిన బూరలా ఉండేది, తర్వాత కుదురుకుంది. భుజాలొచ్చాయి. ఈ నాలుగు వెంట్రుకల గడ్డమొచ్చింది. అప్పుడు నెమ్మదిగా తలమీద మొదలైంది. దిండు మీద జుట్టు. స్నానాలగది నీళ్ళు పోయే చోట జుట్టు. పనికెళ్ళి హెల్మెట్టు తీస్తే అందులో గూడు కట్టినట్టు జుట్టు.

హెల్మెట్టు వల్లే అంటావా? నువ్వు బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తావు. నీకు ఏ హెల్మెట్టు పెట్టి పెంచారు?

ఇంకో తమాషా విను. మా వాళ్ళున్నారే, లిఫ్టులు బాగుచేసే గుంపు, వాళ్ళు నన్ను ఎప్పుడూ కాస్త ఎడంగానే పెట్టేవాళ్ళు. నా సంగతి వాళ్ళకి తెలియదు. ఏదో సన్నగా, మాట తక్కువగా, తేడాగా ఉన్నాడులే అనుకునేవాళ్ళు. ఎప్పుడైతే నా నుదురు పైకి పాకడం మొదలైందో, అందరూ నా చుట్టూ చేరారు. ఒకడు ఉల్లిపాయ రసం రాయమంటాడు. ఒకడు ఏదో నూనె సీసా తెచ్చాడు, తెరిస్తే చచ్చిన ఎలుక కంపు. మా మేస్త్రి అయితే తన నున్నటి గుండు నాకు చూపించి, నా భుజం మీద చెయ్యేసి, మొగాడన్నాక ఇవన్నీ ఉంటాయిరా అన్నాడు. మూడేళ్ళ సూదులు చెయ్యలేని పని నాలుగు అంగుళాల బట్టతల చేసింది మావయ్యా.

నేను సంతోషించాలిగా? సంతోషించలేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నువ్వు కనపడ్డావు. నిన్నేం అనట్లేదు. కానీ ఇంకా ముప్ఫై నిండకుండా ఎవరికి మాత్రం నీలా కనపడాలని ఉంటుంది? మగాణ్ణవుదామనుకున్నాను, మేనమామనవుదామనుకోలేదు.

నవ్వుతున్నావ్. నవ్వు. అసలు సంగతి వింటే నవ్వు ఆగుతుంది.

సూది మానేశాను.

ఈ నెలది ఒక్కటే కాదు. రెండు నెలల పైనే అయింది. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, డాక్టరమ్మకి చెప్పలేదు. క్లినిక్కు నర్సమ్మ ఫోన్ చేస్తే ఊళ్ళో లేనన్నాను. లేకపోవడమేంటి, వాళ్ళ క్లినిక్కు ఎదురు బిల్డింగులోనే లిఫ్టు బాగుచేస్తూ మాట్లాడాను.

ఎందుకేంటి, జుట్టు కోసం! సూది ఆపితే రాలడం తగ్గొచ్చని డాక్టరమ్మే అంది ఒకసారి. పోయింది తిరిగి రావడం కష్టమనీ, తక్కినవి కొన్ని మెల్లగా వెనక్కి మళ్ళుతాయనీ కూడా అంది. నాకు మొదటి సగమే వినపడింది. మాత్రలున్నాయి, ఆలోచిద్దాం, తొందరపడి నీ అంతట నువ్వేం చెయ్యకు అని కూడా అందనుకుంటా. అప్పటికి నేను గుమ్మం దాటేశాను.

జుట్టొచ్చిందా అంటే, నువ్వే చూస్తున్నావుగా. ఒక్కటి రాలేదు. వచ్చింది వేరే.

సిగ్గుపడకు మావయ్యా, నేనే సిగ్గుపడకుండా చెబుతున్నప్పుడు. పోయినవారం లిఫ్టు పెట్టె పైకెక్కి కూర్చున్నాం, నేనూ మేస్త్రీ. రెండు అంతస్తుల మధ్య, చీకట్లో, టార్చి వేసుకుని పట్టాలకి నూనె పెడుతున్నాం. కడుపులో మెలిపెట్టినట్టైంది. ఏదో తిన్నది పడలేదనుకున్నాను. తర్వాత తెలిసింది. నెలసరి. మూడేళ్ళ కింద పీడ విరగడైందని దండం పెట్టుకున్న నెలసరి, అడ్రసు వెతుక్కుంటూ వచ్చేసింది.

కదల్లేను. పెట్టె దిగాలంటే మేస్త్రి ముందునుంచే దిగాలి. ఏమైందిరా అన్నాడు. కడుపు మంట అన్నాను. పాపం, జేబులోంచి కడుపు మంట పొడి పొట్లం తీసి నోట్లో వేసుకోమని తనే చింపి ఇచ్చాడు. వేసుకున్నాను. ఏం చెయ్యను? ఆ మనిషి నాకు చుట్టమూ కాదు పక్కమూ కాదు. టార్చి నా మొహం మీద పడకుండా పక్కకి తిప్పి పట్టుకున్నాడు, ఏడుస్తున్నానని తెలిసి.

ఆ బిల్డింగు వాచ్‌మన్ గది పక్కన బాత్రూములో కూర్చున్నాను తలుపేసుకుని. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అంటారే, అలా ఉంది. చెప్పరాని భయమేసింది. గొంతు కూడా పోతుందేమోనని గట్టిగా దగ్గి చూసుకున్నాను. ఉంది. బయట వాచ్‌మన్, ఎవరయ్యా లోపల అన్నాడు. ఆ 'అయ్యా' విని ఎంత ధైర్యమొచ్చిందో నీకు చెప్పినా అర్థం కాదు.

అయినా బుద్ధొచ్చిందా? రాలేదు. నిన్న మళ్ళీ నీ దగ్గరకొచ్చి, ముందర కాస్త నింపు అన్నాను. సూదితో అవనిది నీ కంప్యూటరుతో అవుతుందని. కార్డు మీదైనా జుట్టుంటే పదేళ్ళు దాన్ని చూసుకుంటూ బతికెయ్యొచ్చని.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ వంతు.

నీ పనితనం నాకు తెలియదా? ఈ చుట్టుపక్కల సగం బట్టతలలకి జుట్టు మొలిపించింది నువ్వే. నీ జుట్టుతో పెళ్ళికొడుకులై, పీటల మీద దొరికిపోయినవాళ్ళున్నారు. నీ కంప్యూటర్లో జుట్లు దాచిన పెట్టె ఒకటుంది. పక్క పాపిడి జుట్టు, వెనక్కి దువ్విన జుట్టు, పోలీసు జుట్టు. ఎవరొచ్చినా అందులోంచి ఒకటి తీసి, సైజు చూసి, తలమీద బోర్లించడమే. టోపీ పెట్టినంత పని.

నాకు మాత్రం అందులోంచి ఎందుకు తియ్యలేదు?

తీశానని అబద్ధమాడకు. ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఎంతసేపు చూశాననుకున్నావ్ ఈ ఫోటోని? ఇదిగో, ఇక్కడ చూడు. ఎడమ కనుబొమ్మ పైన, జుట్టు మొదలయ్యే చోట. సుడి. చిన్నప్పటినుంచీ నాకున్న సుడి. దువ్వితే పడుకునేది కాదు, ఎంత అణిచినా లేచి నిలబడేది. ఇప్పుడది లేదుగా, మొదట రాలింది ఆ మూలే.

పాత ఫోటోలో చూసి వేశానంటావా? ఏ పాత ఫోటోలో ఉంది, చూపించు. ప్రతి పుట్టినరోజుకీ నన్నీ స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీసేవాడివి. తీసేముందు ప్రతిసారీ గ్లాసులో వేళ్ళు ముంచి, నీళ్ళద్ది ఆ సుడిని అణిచేవాడివి. అది పైకి లేచేలోపల గబుక్కున నొక్కేవాడివి. ఒక్క ఫోటోలో పడలేదది. అది నీ వేళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కో వెంట్రుకా గీశావు కదూ. రాత్రి కొట్టు కట్టలేదని అత్తయ్య చెప్పింది. జుట్టు నింపుదామని మొదలుపెట్టావు. ఆ పిల్ల కనపడింది. ఇక చెయ్యాపుకోలేకపోయావు.

అందుకేనా నన్ను ఇన్నాళ్ళూ ఏమీ పిలవట్లేదు? గమనించలేదనుకున్నావా? "వచ్చావా", "తిన్నావా", "కూర్చో". అంతే. 'ఏమ్మా' అనలేవు, 'ఏరా' అనలేవు. పాపం, ఎంత జాగ్రత్తగా నడుస్తావో మాటల మధ్యలో, గాజుపెంకుల మీద నడిచినట్టు. అమ్మ అరిచింది, ఏడ్చింది, నన్ను కొట్టింది, తర్వాత అలవాటుపడింది. నువ్వు ఒక్క మాటనలేదు. ఎంత మంచివాడో మావయ్య అనుకున్నాను. అనలేదంటే బాధ లేదనుకున్నాను నేను, తెలివితక్కువవాణ్ణి.

సర్లే, పిలుపు సంగతి నిదానంగా చూద్దాం. తొందరేం లేదు.

కానీ ఒకటి చెప్పనా? ఆ బెంచీ మీద కూర్చుని నీ చేతి జుట్టు మీద వేలు అడ్డం పెట్టి చూశాను. వేలు పెడితే నేను. వేలు తీస్తే ఆ పిల్ల. ఇన్నాళ్ళూ నేను దేన్ని చూసి ఏడుస్తున్నానో, ఆ ఖాళీ జాగాలోనే ఉన్నాను మావయ్యా నేను. వెంట్రుకతో కొండ లాగు, వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. కొండ వచ్చింది. ఇంటి ముందుకొచ్చి నిలబడింది. నేనేమో వెంట్రుక పోయిందని కొండని వెనక్కి తోస్తున్నాను. నా అంత వెర్రివాడు ఉంటాడా?

అలాగని బట్టతలంటే ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకు. అద్దం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాత్ర ఉందందిగా డాక్టరమ్మ, అదేంటో, దానివల్ల ఏమవుతుందో ఈసారి పూర్తిగా కూర్చుని వింటాను. నాలుగు మిగిల్తే నాలుగు. మిగలకపోతే నీలా టోపీ కొనుక్కుంటాను. సూది మాత్రం మానను. నర్సమ్మకి ఫోన్ చేశాను దార్లోనే. ఊరినుంచి వచ్చేశారా అంది. వచ్చేశానండీ, ఇంకెక్కడికీ వెళ్ళను అన్నాను. మధ్యాహ్నం రమ్మంది. ముందు రక్తం పరీక్ష, తర్వాత తిట్లు, తర్వాత సూది అంది.

ఆలోపల కౌంటరు పని. అందుకే వచ్చాను. లైట్లు వెయ్యి. ఇంకో ఫోటో తియ్యి.

పౌడరొద్దు. దువ్వెనొద్దు. అందరికీ పట్టాలని వెనక చీల్చిన ఆ కోటు కూడా వద్దు, దాని చంకల్లో ఊరందరి చెమటా ఉంది. ఉన్నది ఉన్నట్టు తియ్యి. తీశాక కంప్యూటరు దగ్గరకి నువ్వు వెళ్ళకు, నేనే ప్రింటు నొక్కుతాను. గడ్డం జోలికొస్తే మాత్రం ఊరుకోను.

ఆ టోపీ తీసి పక్కన పెట్టు, కెమెరాకి అడ్డం పడుతోంది. తియ్యి, పర్లేదు, నా దగ్గరేంటి నీకు? బయట అద్దాల పెట్టెలో పెట్టుకున్నావే నీ ఫోటో, గుబురు జుట్టుతో, ఎవరో హీరోలా. చిన్నప్పుడు అది నువ్వేనని అమ్మ ఎంత చెప్పినా నేను నమ్మలేదు. అదెవరని అడిగితే నువ్వు నీ తమ్ముడన్నావు, గుర్తుందా? ఇప్పుడు నాకు చెల్లెల్ని పుట్టించావు. మన వంశం ఇలాగే పెరుగుతోంది.

కూర్చున్నాను. గడ్డం ఎత్తాలా, దించాలా? లైటు నెత్తిమీద పడి మెరుస్తోందా? మెరవనీ. నీదీ మెరుస్తోంది.

ఆగు, నొక్కకు. ఇందాకటినుంచీ నువ్వా నిన్నటి ఫోటోలు బొటనవేలితో లెక్కపెడుతున్నావు, చూస్తూనే ఉన్నాను. ఒకటి తక్కువుంది కదూ. కౌంటరావిడ ఉంచేసుకుందని చెబుదామనుకున్నాను.

నా పర్సులో ఉంది.

అలా చూడకు. చింపేద్దామనే పట్టుకున్నాను బెంచీ మీద. సుడి చూశాక చెయ్యాడలేదు. అది నాకేం అపకారం చేసింది చెప్పు? ఆ ఒంటితో, ఆ జడతో, నోరు మూసుకుని నన్నిక్కడిదాకా మోసుకొచ్చింది. దించాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నేను. దాన్ని తలుచుకునేది నువ్వొక్కడివే అనుకోకు మావయ్యా.

సరే, నొక్కు. కౌంటరు మూసేస్తారు. నేను కదలట్లేదు, ఊపిరి కూడా బిగబట్టాను.

నువ్వే కళ్ళు తుడుచుకో ముందు. కెమెరా ఊగుతోంది.